నాలుగో పళ్లెంలో ఉంగరం

"ఆ ఇటుకని ఎందుకు మోసుకొచ్చావ్?" అంది ఓర్లా, తలుపు సగమే తెరిచి.

"ఇటుక కాదు, బ్రాక్. నేనే కాల్చాను," అన్నాడు ఫింటన్, ఎండుద్రాక్ష రొట్టెని పసిబిడ్డలా గుండెకు హత్తుకుని.

"నువ్వే కాల్చావా? అయితే ఇటుకే. లోపలికి రా, తడిసిపోతున్నావ్. పైన జుట్టయినా లేదు, ఆ నీళ్లు ఆపడానికి."

కెల్స్ ఊరంతటికీ ఉత్తరాలిచ్చే ఫింటన్‌కి ఓర్లా ముందు ఒక్క ప్రత్యుత్తరం తట్టదు. ఆమెది బజారు మూల మీద క్షవరశాల. అతని నెత్తిన పేర్లు పెట్టి పిలవదగ్గన్ని వెంట్రుకలే ఉన్నా, ఏడాదిగా ప్రతి శనివారం వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆమెకి అతని జుట్టు కత్తిరించడానికి రెండు నిమిషాలు పడుతుంది. మిగతా అరగంటా అతని మాటలు కత్తిరిస్తుంది.

పోయిన శనివారం మాత్రం కత్తెర ఆపి, "హాలోవీన్ సాయంత్రం మా ఇంటికి రా. సైవ్ రమ్మంది," అంది. తర్వాత అద్దంలోకి చూడకుండా, "నేను కూడా," అని కలిపింది.

ఆమె భర్త కాహల్ పోయి మూడేళ్లు. అప్పట్నించీ ఏ హాలోవీన్ సాయంత్రమూ ఆ ఇంట్లో తల్లీకూతుళ్లు తప్ప మూడో మనిషి కూర్చోలేదని ఊరందరికీ తెలుసు. అందుకే ఫింటన్ వారం రోజులు నిద్ర మానుకుని ఒక పథకం వేశాడు. బ్రాక్‌లో ఉంగరం పెట్టి కాల్చడం, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకి ఏడాదిలో పెళ్లి అనడం అందరూ చేసేదే. అందరూ పెట్టేది ఇత్తడి ఉంగరం, ఫింటన్ పెట్టింది వాళ్ల నాయనమ్మది. నోటితో ఒక్క ముక్క చెప్పలేక, రొట్టె ముక్కతో చెప్పించాలనుకున్నాడు. ఉంగరాన్ని కాగితంలో చుట్టి దూర్చి, చోటు మర్చిపోకుండా సరిగ్గా దాని పైన ఎర్రటి చెర్రీ ఒకటి గుచ్చాడు.

"చేతులెత్తండి! పోస్ట్!" అని మెట్ల మీంచి దూకింది సైవ్. ఓర్లా కూతురు, వయసు అయిదు. పేరు సైవ్ గానీ, చేతికందిన మిఠాయిని సేవ్ చేసే అలవాటు లేదు. నెత్తిన ముక్కుదాకా దిగిన, ఫింటన్ ఎప్పుడో ఇచ్చిన పాత పోస్ట్ టోపీ, భుజాన నేలకి రాసుకునే సంచి.

ఫింటన్ నోరు తెరిచాడు. "దయ్యం వేషం అన్నావు కదా, సైవ్?"

"దయ్యాలు మా క్లాసులో పదకొండు మంది ఉన్నారు. నువ్వు ఒక్కడివే," అంది సైవ్.

"నేనూ చెప్పాను, భయపెట్టడానికి ఇదే మేలని," అంది ఓర్లా. కానీ ఆ టోపీని సర్దేటప్పుడు ఆమె చెయ్యి కాస్త నెమ్మదిగా కదిలింది. ఫింటన్ అది చూశాడు, చూడనట్టు మూలనున్న గొడుగు తీసి ఆమెకిచ్చాడు.

వేషాలేసిన పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే వేళకి ముగ్గురూ వీధిలోకి దిగారు. సన్నటి జల్లు, తడిసిన ఆకులు, గుమ్మాల మీద మొహాలు చెక్కిన, పళ్లికిలించే గుమ్మడికాయలు. సైవ్ తలుపు తట్టి, "మీకు ఉత్తరాలేం లేవు. చాక్లెట్లు ఇవ్వండి," అంటోంది. ఊరికి ఉత్తరాలు మోసే ఫింటన్ ఈ పూట చాక్లెట్లు మోస్తున్నాడు.

మూలింటి ముసలమ్మ బ్రీద్ కళ్లజోడు సర్దుకుని, "ఈ బుల్లి పోస్ట్‌మ్యాన్ మీ పాపేనా నాయనా?" అంది.

ఫింటన్ చేతిలో సంచి ఒక పక్కకి ఒరిగింది. ఓర్లా ఎటో చూసింది.

"కాదు. ఇతను నా అసిస్టెంటు," అంది సైవ్. "సంచి తిన్నగా పట్టుకో, ఫింటన్."

ఓర్లా నాలుగడుగులు ముందు నడుస్తుంటే సైవ్ అతని వేలు పట్టుకుంది. "ఫింటన్, అడ్రసులో ఆ మనిషి లేకపోతే ఉత్తరం ఏం చేస్తావ్?"

"కొత్త అడ్రసు తెలిస్తే అక్కడ ఇచ్చేస్తా. తెలీకపోతే వెనక్కి పంపిస్తా."

"మా నాన్నకొచ్చినవి?"

మూడేళ్లుగా కాహల్ పేరుతో వచ్చే కవర్లని ఆ గుమ్మం దాటనివ్వకుండా వెనక్కి పంపుతున్నది ఫింటనే. ఓర్లాకి ఎప్పుడూ చెప్పలేదు.

"వెనక్కే పంపుతున్నా తల్లీ. ఆయన కొత్త అడ్రసు తెలిస్తే నేనే నడిచి వెళ్లి ఇచ్చొచ్చేవాణ్ణి."

ముందు వెళ్తున్న ఓర్లా అడుగు ఆగింది. ఆమె వెనక్కి తిరగలేదు. గొడుగు మాత్రం కాస్త వంచి, వాళ్లు తన పక్కకి వచ్చేదాకా నిలబడింది.

ఇంటికొచ్చాక బల్ల మీద సైవ్ పళ్లేలు సర్దింది. ఫింటన్ లెక్కపెట్టాడు. నాలుగు.

"అది నాన్నది. ఈ రాత్రి నాన్న వస్తాడు కదా. పొద్దుటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అంది సైవ్.

ఆ మాత్రం ఫింటన్‌కీ తెలుసు. హాలోవీన్ రాత్రి పోయినవాళ్లు ఇంటికొస్తారని వాళ్లమ్మా ఒక పళ్లెం పెట్టేది. తెలిసీ, ఉంగరం హడావిడిలో ఆ పళ్లెం సంగతే మర్చిపోయాడు.

ఓర్లా బ్రాక్ కోసింది. ఫింటన్ కళ్లు చెర్రీ మీదే ఉన్నాయి. చెర్రీ ముక్క ఓర్లా పళ్లెం వైపు కదిలింది... బుల్లి చెయ్యి ఒకటి దాన్ని గాల్లోనే పట్టేసింది.

"చెర్రీ నాన్నకి! నాన్నకి చెర్రీలంటే ఇష్టం!"

ముక్క వెళ్లి నాలుగో పళ్లెంలో కూర్చుంది.

ఫింటన్ తన ముక్కని నమలడం మొదలుపెట్టాడు. అది గొంతు దిగే ఉద్దేశంలో లేదు. సైవ్ తన ముక్కని పొడి చేసి వెతికింది. ఓర్లా తనది విరిచి చూసింది.

"నాకు రాలేదు. నీకో, ఫింటన్?"

"నాకా? ఊహూఁ."

"అయితే ఉంగరం నాన్నకే వచ్చింది!" అంది సైవ్.

ఓర్లా నాలుగో పళ్లెం వైపు చూసింది. తర్వాత చెర్రీ కంటే ఎర్రగా ఉన్న ఫింటన్ మొహం చూసింది.

"ఫింటన్, రొట్టె మొత్తానికీ ఒకే చెర్రీ ఎందుకు పెట్టావ్?"

"అందంగా ఉంటుందని."

"అందం సంగతి నీకు తెలిస్తే ఆ కోటు వేసుకునేవాడివి కాదు. నిజం చెప్పు."

కత్తిరించడానికి ఆమె చేతిలో కత్తెర లేదు. ఫింటన్ మాట మొదటిసారి పూర్తిగా బయటికి వచ్చింది.

"అది నీ ముక్క, ఓర్లా. అందులో మా నాయనమ్మ ఉంగరం ఉంది. అడగడానికి ధైర్యం లేక రొట్టెలో పెట్టాను. కానీ తీయొద్దు. ఆయన పళ్లెంలో నేను చెయ్యి పెట్టను. పొద్దుటిదాకా అక్కడే ఉండనీ. ఆ తర్వాత నువ్వు తీసినా సరే, తీయకపోయినా సరే. శనివారం మాత్రం క్షవరానికి వస్తాను."

ఓర్లా అరచెయ్యి బల్ల మీద పరిచి అలాగే కూర్చుంది.

"ఆగండాగండి," అని సైవ్ టోపీ పైకి నెట్టుకుంది. "అది ఎవరికి పంపావ్?"

"మీ అమ్మకి."

"నాన్న దగ్గరికి వెళ్లిందే! తప్పు అడ్రసు!"

కుర్చీ దిగి నాలుగో పళ్లెం దగ్గరికి వెళ్లింది. "నాన్నా, ఇది అమ్మదంట. పోస్ట్ వాళ్లు తీసుకెళ్తున్నారు. చెర్రీ మాత్రం నీదే." ముక్కలోంచి కాగితం పొట్లం లాగింది. చెర్రీని మళ్లీ అద్ది, ముక్కని యథాస్థానంలో పెట్టింది. పొట్లాన్ని సంచిలో వేసుకుని వీధి తలుపు తీసి బయటికి నడిచింది. తలుపు మూసుకుంది.

ఇద్దరూ తలుపు వైపు తిరిగారు.

తలుపుకి ఉత్తరాలు వేసే సందు మీది రేకు కిర్రుమంది. పొట్లం లోపలికి జారి గుమ్మం చాప మీద పడింది.

"పోస్ట్!"

ఓర్లా లేచి వెళ్లి వంగి తీసుకుంది. కాగితం విప్పడానికి చాలాసేపు పట్టింది. ఉంగరం ఆమె వేలికి కాస్త వదులు. పిడికిలి బిగించి ఆపుకుంది.

"సంతకం పెట్టాలా?" అంది, ఫింటన్ వైపు తిరిగి.

"రిజిస్టర్డ్ పోస్ట్," అన్నాడు ఫింటన్. "పెట్టాలి."

"పెన్ను లేదే."

ఓర్లా దగ్గరికొచ్చి, ఏడాదిగా కత్తిరించడానికి పెద్దగా ఏమీ లేని ఆ నున్నటి నెత్తి మీద పెదాలతో సంతకం పెట్టింది.

ఉత్తరాల రేకు మళ్లీ కిర్రుమంది. సందులో రెండు కళ్లు.

"అందిందా? అయితే తలుపు తీయండి, పోస్ట్‌కి చలేస్తోంది!"