కొత్త గుడ్డ నీళ్ళు తాగదు

"ఇది నూలు గుడ్డేనా? నిజం చెప్పండి."

టీచరమ్మ తెల్లటి గుడ్డముక్కని నా కుట్టుమిషన్ మీద విసిరినంత పని చేసింది. బయట వాన పడుతోంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మరిచిపోయినట్టుంది. జుట్టంతా తడిసిపోయింది. అంత కోపంలోనూ ఆమె బాగుందని నాకు తోచింది. అలా తోచడమే ఐదు నెలలుగా నా జబ్బు.

"నూలే టీచర్ గారూ. అచ్చమైన నూలు. ఏమైంది?"

"నూలైతే నీళ్ళెందుకు పీల్చుకోలేదు? ముప్ఫైమంది పిల్లల ముందు చుక్క వేశాను. గుండ్రంగా పైనే కూర్చుంది. గుడ్డ వంచితే జారి కింద పడింది గానీ లోపలికి పోలేదు. ‘టీచర్, మీరు తప్పు చెప్పారు’ అని ఒక పిల్ల లేచి మరీ అంది. వెనక బెంచీలో పెద్ద మేడం కూర్చుని ఉన్నారు."

కొట్టు వెనక గుండీలు కుడుతున్న మా అమ్మ తలెత్తి చూసింది.

పెద్ద మేడం అంటే బడి హెడ్మిస్ట్రెస్. ఆవిడ వచ్చి కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. టీచరమ్మ ఈ బడికి వచ్చింది సెలవులో ఉన్న ఇంకో టీచర్ బదులు. ఆ టీచర్ ఇక రానంది. ఈమెని ఉంచాలా వద్దా అన్నది ఒక్క పాఠం చూసి తేలుస్తానని పెద్ద మేడం అన్నారట. వద్దంటే ఈమె తన ఊరికి వెళ్ళిపోవాలి. బస్సులో ఆరు గంటల దూరం.

"నైలాన్ కలిసిన గుడ్డ ఇచ్చి నూలని చెప్పారు. అంతేగా?" అంది.

కుట్టు వంకరపోయిందంటే పడతాను. గుడ్డ విషయంలో అబద్ధమాడానంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ముక్కలోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలింది.

"నైలానైతే కరిగి ఉండకట్టేది. చూడండి."

ఆమె బూడిదని వేలితో తాకి చూసింది. కోపం కాస్తా అయోమయంగా మారింది. "మరి?"

జవాబు వెనకనుంచి వచ్చింది. "ఒరేయ్, ఆ ముక్క తడిపి ఇచ్చావా, తానులోంచి చింపి అలాగే ఇచ్చావా?" అంది అమ్మ.

నాలిక్కరుచుకున్నాను. మిల్లులో కొత్త గుడ్డకి నునుపు కోసం ఏవేవో పూతలు పట్టిస్తారు. అవి వదిలేదాకా అది నీళ్ళు తాగదు. రెండు మూడు ఉతుకులు పడాలి. రోజూ లైనింగు గుడ్డలు తడిపి, ఆరేసి, అప్పుడు కత్తెర పట్టేవాణ్ణి నేను. ఇంత అనుభవమూ పెట్టుకుని పప్పులో కాలేశాను.

విషయం చెప్పాను. ఆమె నెమ్మదిగా అడిగింది. "అంటే, మీకు తెలుసు."

"తెలుసు."

"గుడ్డ ఎందుకో సోమవారమే చెప్పాను. ఏ వస్తువు నీళ్ళు పీలుస్తుందో, ఏది పీల్చదో పిల్లలకి చూపించాలని."

"చెప్పారు."

"మరి తెలిసి కూడా ఎలా ఇచ్చారు?"

సోమవారం నాకు బాగానే గుర్తుంది. ఇదే బల్ల మీద తన సంచీ బోర్లించింది. స్పాంజి ముక్క, పాత న్యూస్ పేపర్, స్టీలు చెంచా, ప్లాస్టిక్ మూత, సుద్దముక్క. "ముందు పిల్లల్ని ఊహించి రాయమంటాను. తరవాత చుక్క వేస్తాం. తప్పయితే ‘నేను అనుకున్నది తప్పు’ అని కింద రాయాలి. తప్పు రాయడం వాళ్ళకి భలే సరదా తెలుసా?" అంటూ చేతులు తిప్పుతూ చెప్పింది. ఆమె కనుబొమ పక్కన నీలం సిరా మరక ఉంది. నేను దాన్నే చూస్తున్నాను. ఆమెకి చింకి పీలిక ఇవ్వడానికి మనసొప్పక, అప్పుడే విప్పిన తానులోంచి మంచి ముక్క చింపి ఇచ్చాను.

ఇదంతా చెప్పే ధైర్యం లేక, "పొరపాటైంది" అన్నాను.

"మీ పొరపాటుకి నేను ఊరు వదిలి వెళ్ళాలి" అంది. వానలోకి నడిచి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా గొడుగు తెరవలేదు.

అమ్మ దారం కొరికి, "ఆ పిల్లకి నిజం చెప్పెయ్" అంది.

"ఏ నిజం?"

"ఆ అమ్మాయి గుమ్మంలోకి వస్తే చాలు, సూదిలో దారం ఎక్కించడానికి నీకు పది నిమిషాలు పడుతుంది. నాకు చత్వారమే వచ్చిందిరా, చూపు పోలేదు."

ఆ సాయంత్రమే ముక్కని రెండు చేశాను. ఒకదాన్ని వేడినీళ్ళలో సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికాను. మర్నాడు పొద్దున్నే రెండూ తీసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది.

"శుక్రవారం పాఠం మళ్ళీ చెప్పమన్నారు పెద్ద మేడం. తప్పెక్కడ జరిగిందో కూడా పిల్లలకి చెప్పాలట. అదేదో మీరే వచ్చి చెప్పండి" అంది. గొంతులో ఇంకా బెట్టు ఉంది.

శుక్రవారం వెళ్ళాను. పొట్టి బెంచీలు, తడి బూట్ల వాసన, వెనక పెద్ద మేడం. పిల్లలు నాలాంటివాణ్ణి క్లాసులో ఎప్పుడూ చూడలేదు కాబోలు, కళ్ళప్పగించి చూస్తున్నారు. కొత్త ముక్క మీద చుక్క వేశాను. కదలకుండా కూర్చుంది. ఉతికిన ముక్క మీద వేశాను. రెప్పపాటులో ఇంకిపోయింది. "మాయమైపోయింది!" అని క్లాసంతా బెంచీలెక్కింది. పూత సంగతి చెప్పాను. అందరూ రాసుకున్నారు.

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు లేచింది, టీచర్ తప్పు చెప్పారన్న ఆ పిల్ల. క్లాసులో దాన్ని ‘ఎందుకు’ అనే పిలుస్తారట.

"అంకుల్, ఈ పూత సంగతి మీకు ముందే తెలుసా?"

నాకు ఇరవై ఏడేళ్ళే. అంకుల్ అన్నందుకు నొచ్చుకునే తీరిక కూడా లేదు. "తెలుసు" అన్నాను.

"మరి మా టీచర్‌కి ఎందుకు చెప్పలేదు?"

బోర్డు మీద రాస్తున్న టీచరమ్మ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

మరిచిపోయానంటే సరిపోయేది. కానీ ముందు బెంచీలో తెరిచి ఉన్న నోటు పుస్తకం నా కంటపడింది. ‘నేను అనుకున్నది తప్పు’ అని ఇంతింత అక్షరాలతో, ఏ సిగ్గూ లేకుండా రాసి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లలు చేయగలిగిన పని నేను చేయలేనా అనిపించింది.

"మీ టీచర్ చెబుతున్నంతసేపూ నేను ఆమెనే చూస్తున్నానమ్మా. మాటలు చెవికెక్కలేదు. ఆమె అంటే నాకు ఇష్టం. ఆ ధ్యాసలో నాకు తెలిసిన పని కూడా మరిచిపోయాను. తప్పు నాది, ఆమెది కాదు."

క్లాసంతా నోళ్ళు తెరిచి టీచరమ్మ వైపు తిరిగింది. ‘ఎందుకు’ మాత్రం బుద్ధిగా తలూపి పెన్సిల్ తీసింది.

"అది రాసుకోకు, కూర్చో" అన్నారు పెద్ద మేడం. దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

గంట కొట్టాక వరండాలో ఆవిడ మా దగ్గర ఆగారు. "తప్పు జరిగితే దాచకుండా వెతికించావు. నాకు కావలసింది అలాంటి టీచరే. వచ్చే ఏడాది నాలుగో తరగతి నీదేనమ్మా" అని, నావైపు తిరిగి, "మీరు మాత్రం క్లాసులో ఇంకేం పాఠాలు చెప్పకండి" అన్నారు.

ఆవిడ వెళ్ళిపోయారు. వాన చూరు మీదనుంచి కారుతోంది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. దాని వెనకే భయం కూడా వేసింది.

"పిల్లల ముందు అలా అనకుండా ఉండాల్సింది. క్షమించండి."

ఆమె వానవైపే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నేనూ ఒక తప్పు చేశాను. అది ఎక్కడా రాయలేదు" అంది.

"ఏమిటది?"

"మా ఇంట్లో పాత తువ్వాళ్ళు ఆరున్నాయి. ఉతికి ఉతికి మెత్తబడినవి. ఒకటి పట్టుకెళ్ళి ఉంటే ఆ రోజే పాఠం చక్కగా జరిగిపోయేది."

"మరి గుడ్డ కోసం నా కొట్టుకెందుకొచ్చారు?"

ఆమె ఇటు తిరిగింది. ఆ గొడవ తరవాత మొదటిసారి నవ్వింది.

"ఆ ‘ఎందుకు’ నన్ను ఇది అడగలేదు. బతికిపోయాను."