తొంభై రెండు శాతం ఊరట

ఎర్రవాడలో చావింటికి ఉత్త నోటితో వెళ్లడం మానేసి పదకొండేళ్లయింది. అంగారక గ్రహం మీది ఆ కాలనీలో ఎవరు పోయినా, పరామర్శకు బయల్దేరేవాళ్లు ముందుగా మణికట్టుకు ‘ఊరడిని’ తగిలించుకోవలసిందే. గాజులా ఉండే ఆ పరికరం ఎదుటి మనిషి నాడినీ, ఊపిరినీ, మెదడు తరంగాలనీ మూడడుగుల దూరం నుంచే చదివి, ఏ మాటకు ఎంత శాతం ఊరట దక్కుతుందో చెవిలో చెబుతుంది. "పోనీలెండి, మంచాన పడకుండా పోయారు" వంటి మాటలతో బతికున్నవాళ్లను చంపడం దానివల్ల బాగా తగ్గింది.

దాన్ని కనిపెట్టిన విశాలి ఆ రోజు పక్కింటికి వెళ్లేసరికి కమలిని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన ఎవరో పెట్టిన పెరుగన్నం అలాగే ఉంది. ఆమె భర్త ఆక్సిజన్ ప్లాంటు పేలుడులో పోయి తొమ్మిది రోజులు. అప్పటినుంచీ ఆమె మెతుకు ముట్టలేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పేశాడు.

"ధైర్యం చెప్పనా?" విశాలి గొంతు తగ్గించి పరికరాన్ని అడిగింది.

"సున్నా శాతం."

"ఆయన మంచితనం తలుచుకుంటే?"

"సున్నా."

"కమ్మగా వండి తెస్తే?"

"మీ వంటేగా. సున్నా."

"మర్యాద వడపోత తీసేసి చూడు."

"ఒకటుంది. తొంభై రెండు శాతం. మీ ఆయన కూడా పోబోతున్నాడని చెప్పండి."

ప్రయోగాల్లో ఎవరిమీద పరీక్షించినా ఇలాంటి జవాబే వచ్చేది. ప్రోగ్రాములో ఏదో తప్పుందనుకుని, విశాలి దానికి వడపోత బిగించి ఊరుకుంది. ఇప్పుడు కమలిని చెయ్యి చూస్తే చీపురుపుల్లలా ఉంది.

"వదినా, ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి రక్తంలో ఏదో ఉందట. ఆర్నెల్లన్నారు."

కమలిని మెల్లగా ఇటు తిరిగింది.

"ఆర్నెల్లా? అయ్యో, వదినా." ఆమె విశాలి తల నిమిరి, లేచి కూర్చుంది. "ఆ పెరుగన్నం ఇటివ్వు. ఆవకాయ ఏమైనా ఉందా?"

అలా మొదలైంది. బుధవారం ఆయనకు జుట్టు రాలుతోందని చెబితే కమలిని చారన్నం మారు వడ్డించుకుంది. శుక్రవారం ఒక కిడ్నీ పోయింది, అప్పడాలు అడిగింది. నెల తిరిగేసరికి విశాలి మొగుడి ఒంట్లో పనికొచ్చే అవయవం ఒక్కటీ మిగల్లేదు. కమలిని బుగ్గలు మాత్రం నిండాయి.

ఓ మధ్యాహ్నం వాళ్లిద్దరూ భోజనం దగ్గరుండగా పినాకపాణి, విశాలి భర్త, బరువైన ఇనప బల్లనొకదాన్ని భుజాన వేసుకుని ఈల వేస్తూ వచ్చాడు.

"పాతది విరిగిందటగా చెల్లెమ్మా," అని, దాన్ని దించి, ఆయాసమైనా లేకుండా వెళ్లిపోయాడు.

విశాలి తల వంచుకుంది. "నిన్ను బతికించుకుందామనే, వదినా. మళ్లీ తిండి మానేయకు."

"అబద్ధమని రెండో రోజే తెలుసులే. పొద్దున్నే నడవాలో గంతులేస్తుంటే నాకు కనపడడూ?"

"మరి ఇన్నాళ్లూ?"

"నీ నోటితో నువ్వంటుంటే ముద్ద దిగుతోంది." కమలిని కంచం ముందుకు జరిపింది. "నిన్న చూపు తగ్గుతోందన్నావు. ఒక కన్నేనా, రెండూనా?"

విశాలి ఊరడినిని విప్పి కొత్త బల్ల మీద పెట్టింది. నడవాలో ఈల ఇంకా వినిపిస్తూనే ఉంది.

"రెండూ," అంది, పప్పులో నెయ్యి వేసి కలుపుతూ.