పుష్ప రాదు సార్!

బాం! బాం!

డ్రైవర్ హజరత్తయ్య రబ్బరు హారన్ నొక్కాడు. రోడ్డుకి అడ్డంగా పోతున్న బాతుల గుంపు బెదిరి రెండుగా చీలిపోయింది. లారీ వెనకాల నిలబడ్డ పిల్లలంతా "ఓ..." అని అరిచారు.

"ఇంకోసారి నొక్కు మామా!" అంది చెంచులక్ష్మి.

"బాతులు పోయినాయి గదా, ఎవరి కోసం నొక్కేది?" అంటూనే హజరత్తయ్య మళ్ళీ నొక్కాడు.

చెంచులక్ష్మి ముందు సీట్లో, అతని పక్కన కూర్చుంది. ఐదో తరగతి లీడరు కాబట్టి పద్మనాభయ్య సార్ ఆ సీటు ఆమెకిచ్చారు. సార్, మిగతా పిల్లలు వెనకాల పరిచిన గడ్డి మీద ఉన్నారు. అది రైసుమిల్లు లారీ. పొద్దున ఎంత ఊడ్చినా తవుడు పోలేదు. గాలికి లేచి అందరి జుట్టుకీ అంటుకుంది.

"ఒక్క పూటకే ముసలోళ్ళయిపోయినార్రా!" అని సార్ నవ్వుతున్నారు.

దసరా సెలవులు. పొద్దున్నే నెల్లూరులో రంగనాయకస్వామి గుడి చూశారు. ఆ గాలిగోపురం కొస చూడబోయి జయకుమార్ వెనక్కి పడ్డంత పని చేశాడు. తర్వాత చూడాల్సింది గంగపట్నం చాముండేశ్వరి గుడి. ఆ తర్వాత ఒడ్డు దగ్గర ఒక చిన్న శివాలయం. చివరికి మైపాడు సముద్రం!

చెంచులక్ష్మి సముద్రం ఎప్పుడూ చూడలేదు. ముందు సీటు కాబట్టి అందరికంటే ముందు తనకే కనిపిస్తుంది. అది తలచుకుంటే ఆమెకి కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

ఇందుకూరుపేట దాటి కొంత దూరం పోయారో లేదో, ఇంజనులోంచి బుస్సుమని ఆవిరి లేచింది. హజరత్తయ్య లారీని పక్కకి తీసి ఆపాడు.

"దీనికి దాహమైంది. నీళ్ళు పొయ్యందే కదల్దు," అంటూ దిగాడు. రోడ్డు పక్కనే ఒక పూరిల్లుంది. "అమ్మా, ఒక బక్కెట నీళ్ళియ్యండమ్మా!" అని కేకేశాడు.

లోపలినుంచి ఒక పిల్ల బక్కెట రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు ఒలకబోసుకుంటూ వచ్చింది. లారీకేసి చూసి ఆగిపోయింది.

పుష్పకుమారి!

చెంచులక్ష్మి క్లాసే. చెంచులక్ష్మి బెంచీయే. ఇద్దరూ ఒకే బలపం పంచుకున్నప్పటి నుంచీ స్నేహితులు. సెలవులకి ఇక్కడ వాళ్ళవ్వ ఇంటికి వచ్చినట్టుంది.

"మీరంతా యాడికి పోతా ఉండారు?" అంది పుష్ప ఆశ్చర్యంగా.

"సముద్రానికి!" పైనుంచి జయకుమార్ అరిచాడు. "జొరం తగ్గిపోయిందే నీకు! మరెందుకు రాలా?"

చెంచులక్ష్మి సీట్లో కిందికి జారింది.

సెలవులిచ్చే ముందు రెండు రోజులూ పుష్ప బడికి రాలేదు. జ్వరం. ట్రిప్పు సంగతి పుష్ప ఇంటికి పోయి చెప్పమని సార్ చెంచులక్ష్మికే అప్పగించారు. ఆమె బయల్దేరింది కూడా. వీధి మలుపులో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. అక్కడ ఆగింది. 'పుష్ప వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. ఇది గుళ్ళకి పోయే ట్రిప్పు. చెప్పినా రాదులే' అనుకుంది. ఆటలోకి దూకింది. మర్నాడు సార్ అడిగితే, "పుష్ప రాదు సార్!" అని చెప్పేసింది.

సార్ లారీ దిగారు. "ఏమ్మా పుష్పా, నువ్వు రానన్నావంట గదా?"

"నేనా? నాకెవురూ చెప్పలా సార్!"

పిల్లల తలలన్నీ ముందు సీటు వైపు తిరిగాయి. చెంచులక్ష్మికి చెవులు వేడెక్కాయి. తలుపు తీసుకుని మెల్లగా దిగింది.

"గుళ్ళకి గదా పుష్పా... నువ్వు రావనుకున్నా."

"సముద్రానిక్కూడా గదా?"

చెంచులక్ష్మి కాలి బొటనవేలితో మట్టి గీరింది.

"ఈడ మా అవ్వ వాళ్ళింట్లో పడుకుంటే ఒక్కో రాత్రి సముద్రం హోరు వినిపిస్తాది. ఎప్పుడూ చూడలా నేను. తీసకపొమ్మని ఎన్నిసార్లడిగినానో!" పుష్ప బక్కెట కింద పెట్టింది. "వచ్చేదీ రానిదీ నేను గదా చెప్పాల. నా బదులు నువ్వెందుకు చెప్పినావు?"

చెంచులక్ష్మి సార్ వైపు చూసింది. తిడతారనుకుంది. సార్ తిట్టలేదు.

"నేను కూడా గుచ్చి అడగలా. రాదంటే సరేననుకున్నా," అన్నారాయన నెమ్మదిగా. తర్వాత పుష్ప వైపు తిరిగారు. "ఇప్పుడు అడగతా ఉండా. మాతో వస్తావా పుష్పా?"

పుష్ప కళ్ళు తుడుచుకుని ఇంట్లోకి చూసింది. గడపలో వాళ్ళవ్వ రెబెక్కమ్మ నిలబడి అంతా వింటోంది.

"ఎవురి దేవుడికి వాళ్ళు దండం పెట్టుకుంటారు సార్, దానిదేముంది," అందామె. "పిల్ల గుళ్ళోకి రాకపోయినా ఏమనుకోబాకండి. నీళ్ళలో లోతుకి మాత్రం పోనియ్యబాకండి. సందేళకి ఇక్కడే దించండి."

"నీళ్ళ దగ్గర నా పక్కనుంచి కదలనియ్యనమ్మా," అన్నారు సార్.

పుష్ప లోపలికి పరిగెత్తి గౌను మార్చుకుని, ఒడినిండా జామకాయలతో వచ్చింది. లారీ వెనక్కి పోబోయింది. చెంచులక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని ముందు తలుపు తీసింది.

"నువ్వు ఇక్కడ కూర్చో. సముద్రం ముందు నీకే కనిపిస్తాది."

"మరి నువ్వు?"

"నేను వెనకాల."

ఆ మాట అన్నాక ఒక్క క్షణం చెంచులక్ష్మికి ఆ సీటు వదలబుద్ధి కాలేదు. అయినా చక్రం మీద కాలు పెట్టి పైకెక్కింది. జయకుమార్ జరిగి చోటిచ్చాడు. హజరత్తయ్య ఇంజనుకి నీళ్ళు పోసి లారీ కదిలించాడు.

గంగపట్నంలో గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. డప్పులు, గాజుల అంగళ్ళు, రంగురంగుల బుడగలు! పిల్లలు లారీలోంచి దూకారు.

"పుష్ప బయటే..." అని మొదలుపెట్టి చెంచులక్ష్మి నాలుక కరుచుకుంది. పుష్ప దగ్గరికి పోయింది.

"పుష్పా, లోపలికి వస్తావా? బయట ఉంటావా?"

"లోపలికి రాను. ఆ గాజులు చూస్తా!" అంది పుష్ప ఉత్సాహంగా.

"అయితే హజరత్తయ్య మామ నీకు తోడుంటాడు. నేను దండం పెట్టుకుని బిరీన వచ్చేస్తా. నువ్వు మంచి రంగు చూసి పెట్టు."

అమ్మవారు ఎర్రచీరలో, నిమ్మకాయల దండలో ధగధగా మెరిసిపోతోంది. చెంచులక్ష్మి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. బయటికొచ్చేసరికి పుష్ప ఆకుపచ్చ గాజుల ముందు నిలబడి ఉంది. హజరత్తయ్య బేరం చేస్తున్నాడు. ఇద్దరూ ఒకే రంగు గాజులేసుకున్నారు.

శివాలయం దగ్గర అందరూ కూర్చుని పులిహోర, జామకాయలు తిన్నారు. అక్కడి గాలి అప్పటికే ఉప్పగా ఉంది.

లారీ మళ్ళీ బయల్దేరింది. తాటిచెట్లు, ఇసక దిబ్బలు. అంతలో ముందునుంచి పుష్ప కేక వినిపించింది.

"చెంచూ! కనిపిస్తా ఉండాది! చెంచూ! నీలంగా! అదుగో!"

చెంచులక్ష్మి మునివేళ్ళ మీద లేచి చూసింది. నీలం. ఆ చివరినుంచి ఈ చివరిదాకా నీలం. అంచున తెల్లటి నురగ లేచి పడుతోంది. ఆమె ఒళ్ళంతా జల్లుమంది.

లారీ ఆగీ ఆగకముందే అందరూ ఒడ్డుకి పరిగెత్తారు. "మోకాళ్ళు దాటి ఒక్కరూ పోకూడదు!" సార్ అరుస్తూ వెనకాలే పరిగెత్తారు.

అల వచ్చి పాదాల కింద ఇసక లాక్కుపోయింది. చెంచులక్ష్మి, పుష్ప ఒకరినొకరు పట్టుకుని కెవ్వుమన్నారు.

"రాత్రిళ్ళు నాకు వినిపించేది ఇదే! ఇదే!" పుష్ప గెంతుతోంది.

"ఇది అలిసిపోదా సార్?" అడిగాడు జయకుమార్.

చెంచులక్ష్మి నవ్వుతూ వెనక్కి తిరిగింది. దూరంగా హజరత్తయ్య లారీ చక్రానికి ఆనుకుని ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"హజరత్తయ్య మామ రాడా?" అంది.

"ఆయన రోజూ లారీలో తిరిగేవాడు గదా, ఎన్నిసార్లు చూసుంటాడో. రాడులే," అన్నాడు జయకుమార్.

చెంచులక్ష్మి "అవునులే" అనబోయింది. అనలేదు. తడిసిన పావడా ఎత్తి పట్టుకుని, కాలే ఇసకలో లారీ దాకా పరిగెత్తింది.

"మామా, నీళ్ళలోకి వస్తావా?"

హజరత్తయ్య తలెత్తాడు. "నేనా?"

"ఇష్టం లేకపోతే వద్దులే. అడుగుదామని వచ్చినా."

అతను సముద్రం వైపు చూశాడు. "ఈ రోడ్డున ఎన్ని లోడ్లు తోలినానో మే. వస్తావా అని ఒక్కరూ అడగలా," అన్నాడు.

చెప్పులు విప్పాడు. పంట్లాము మోకాళ్ళ దాకా మడిచాడు. ఉన్నట్టుండి పరుగు తీశాడు! చెంచులక్ష్మిని దాటేసి, పిల్లల్ని దాటేసి, సార్ పిలుస్తున్నా వినకుండా నీళ్ళలోకి దూకాడు. పెద్ద అలొకటి వచ్చి అతన్ని కూర్చోబెట్టేసింది. నోటినిండా ఉప్పునీళ్ళతో, నెత్తిన నురగతో, అతను పడీపడీ నవ్వుతున్నాడు.

"లేపండ్రా నన్ను!"

చెంచులక్ష్మి ఒక చెయ్యి పట్టుకుంది. పుష్ప రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బలంగా లాగుతుండగానే ఇంకో అల వచ్చి ముగ్గుర్నీ ముంచెత్తింది.