చిల్లు మీద కాగితం

నవ్వకు. తోటివాడి గురి తప్పిందని అబద్ధమాడటం నీకు చిన్న విషయంలా ఉందా? అయితే ముందు గంగరాజు సంగతి విను.

చీపురుపల్లి దగ్గర మెట్టరైతు కొడుకు గంగరాజు. పటాలంలో అతణ్ణి మించిన గురికాడు లేడు. అరవై ఏడులో పెద్ద పోటీ జరిగింది. గురిబల్ల కింద గోతిలో కూర్చున్నవాడు తూటా తగిలితే కర్రకి కట్టిన తెల్లపలక ఎత్తి చోటు చూపాలి, తప్పితే ఎర్రజెండా ఊపాలి. ఆ తర్వాత చిల్లుకి మైదాజిగురుతో కాగితం అంటించి మూసెయ్యాలి. ఆ రోజు గోతిలో ఉన్నది గంగరాజు బావమరిది జగన్నాధం. ఐదు తూటాలకీ ఎర్రజెండాయే ఊగింది. జట్టులో గంగరాజు చోటు, అతని తర్వాతి గురికాడైన జగన్నాధానికి దక్కింది.

కళ్ళు చెడ్డాయనుకున్నాడు గంగరాజు. తన కంటిని తానే నమ్మలేనివాడికి తుపాకీ ఎందుకని పటాలంలో పేరు కొట్టించుకుని ఇంటికి వచ్చేశాడు.

మరుసటి ఏడు, ఎండాకాలం. చెరుకుచేలో అడవిపందులు పడుతున్నాయని మావ తన లైసెన్సు తుపాకీ ఇచ్చాడు. మిట్టమధ్యాహ్నం భార్య మరిడమ్మ చేనిగట్టు మీద పిడక నిలబెట్టి వచ్చింది.

"కొట్టు సూద్దాం. మా తమ్ముడు పతకాలు తెస్తన్నాడు. నువ్వు పందిని కొట్టబోయి నన్ను కొట్టీగలవు!"

"ఎనక్కి పోయే," అన్నాడు. తుపాకీ ఎత్తాడు. పేల్చాడు.

పొగ తేలింది. గాలి ఆగిపోయింది. ఎక్కడినుంచో పులిసిన మైదాజిగురు వాసన...

గట్టు వెనకనుంచి ఒక కర్ర లేచింది. చివర తెల్లపలక. మెల్లగా కదిలి... పిడక నడిమధ్య ఆగింది.

"ఎవుడ్రా అక్కడ?"

పరిగెత్తి గట్టెక్కాడు. ఎవరూ లేరు. బీటలువారిన నేల. చెవి పక్కనే గుసగుస...

"బావా... తగిలింది."

"జగ్గా? నువ్వేటిరా ఇక్కడ?"

"ఆ ఐదూ తగిలాయి బావా. నేనే మూసీసినాను... ఇప్పుడు పలక దించనివ్వడం లేదు..."

పిడక మీద కాగితం ముక్క. ఇంకా తడిగా ఉంది. పీకాడు. కింద చిల్లు, నట్టనడుమ.

గంగరాజు కూలబడ్డాడు. ఏడాదిగా తన కళ్ళని తిట్టుకున్నాడు. పెళ్ళాం తోడబుట్టినవాడని వాణ్ణి ఒక్కసారీ అనుమానించలేదు.

"ఎవులితో మాటాడతన్నావు?" మరిడమ్మ దగ్గరకొచ్చింది. "ఏడుస్తన్నావేటయ్యా?"

కాగితం ముక్కని గుప్పిట్లో మూసేశాడు.

వారానికి పటాలం నుంచి ఉత్తరం వచ్చింది. సరిగ్గా ఆ రోజే జగన్నాధం గోతిలో చచ్చిపడి ఉన్నాడట. ఆదివారం, మైదానంలో కాల్పులే లేవు. తూటా దెబ్బ లేదు. అరచేతుల్లో మాత్రం తోలూ కండా అరిగిపోయి ఎముకలు తేలాయి, ఏళ్ళ తరబడి బరువు ఎత్తినవాడికిలా.

ఆ రోజు పొద్దున్నే అందరితో కూర్చుని టీ తాగి వెళ్ళిన మనిషి.