ఎడె ముందర మైకు

కౌల్ బజార్లో పరుపుల అంగడి మీద ఒక మిద్దె ఉంది. కింద దూది ఏకుతుంటారు, పైన సిద్దేశ్ స్టూడియో. పేరుకే స్టూడియో, ఉండేది రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, రెండు కుర్చీలు. లోపలి గదికి కిటికీ లేదు. గోడలకూ తలుపుకూ అమ్ముడుపోని పాత పరుపులు కొట్టించాడు సిద్దేశ్. బయట ఆటోలు ఎంత మొత్తుకున్నా లోపలికి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాదు. తలుపు మూస్తే పట్టపగలు కూడా కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడదు.

'కెంధూళి', అంటే ఎర్రదుమ్ము, అనే బ్యాండు ఆ గదిలోనే పుట్టింది, ఆ గదిలోనే ముసలిదైంది. సిద్దేశ్ డ్రమ్ములు, ఈరేష్ గిటారు, పరశురామ్ గొంతు. పెండ్లిళ్లలో సినిమా పాటలు వాయించుకుని ఉంటే ముగ్గురూ హాయిగా బతికేవాళ్లే. వినలేదు. జుట్టు పెంచి, నల్ల చొక్కాలు తొడిగి, తెలుగూ కన్నడా కలగలిపి గొంతు చించుకుని అరిచేవాళ్లు. పెద్దవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు, కుర్రకారు ఎగబడేవాళ్లు. ఆ కుర్రకారుకే ఇప్పుడు బట్టతలలు వచ్చాయి. ఇక చాలురా సామీ, ఆఖరుగా ఒక ఆల్బం చేసి దండం పెట్టేద్దాం అనుకున్నారు ముగ్గురూ. దానికి 'సెలవు' అని పేరు కూడా పెట్టుకున్నారు.

అంతలో పరశురామ్‌కు దవడ పట్టుకుంది. గుట్కా. ఎంతమంది తిట్టినా మానని గుట్కా. మొదట కారం తగిలితే గిలగిల్లాడేవాడు. తర్వాత నోట్లోకి వేలు దూరలేదు. ఆ తర్వాత చెంపకు చిల్లు పడి, అందులోంచి చీము కలిసిన చొంగ మెడ మీదికి కారేది. ఆ కంపు చెప్పనలవి కాదు. ఈరేష్ పక్కన కూర్చుని గుడ్డతో తుడిచేవాడు, తుడిచి బయటికి పోయి కక్కుకునేవాడు. మళ్లీ వచ్చి కూర్చునేవాడు. ముక్కులో గొట్టం వేసి గంజి పోశారు గానీ, ఆ మనిషి సైగలు చేసి అడిగిందల్లా మేక పేగుల కూర ఒక్కటే. ఒక్క ముద్ద గొంతు దిగకుండానే ఎండాకాలంలో పోయాడు.

నోరు పూర్తిగా మూసుకుపోయేలోపు దాదాపు పాటలన్నీ పాడేశాడు. ఆఖరి పాటలో ఆఖరి చరణం ఒక్కటే మిగిలింది. మంచం మీద ఈరేష్ చెయ్యి పట్టుకుని, ఆ చేతిని ఈరేష్ గొంతు మీదే పెట్టాడు. నువ్వు పాడు అని. ఈరేష్ మాటిచ్చాడు. ఇన్నేండ్లూ పరశురామ్ వెనక నిలబడి 'హో' అనడం తప్ప వేరే ఎరగని గొంతు అది. ఆ ఒక్క చరణం తన సొంత గొంతుతో పాడి నేస్తం రుణం తీర్చుకోవాలని వాడి ఆశ. అది లేకపోతే పాట లేదు, పాట లేకపోతే ఆల్బమూ లేదు.

పాడే రోజు పెద్దల అమావాస్య నాడు కుదిరింది. కుదరడమేమిటి, పరశురామ్ భార్య పుష్పావతి పట్టుబట్టి కుదిర్చింది. ఆయన ఇంట్లో కంటే ఆ గదిలోనే ఎక్కువ బతికాడు కాబట్టి ఎడె అక్కడే పెట్టాలంది. ఎడె అంటే చచ్చిపోయినవాళ్లకు ఇష్టమైనది వండి ఆకులో పెట్టడం. పెట్టి తలుపు మూసి అందరూ బయటికి రావాలి. వాళ్లు తినేటప్పుడు ఎవరూ చూడకూడదు, చెవి పెట్టి వినకూడదు. కాసేపాగి చప్పట్లు కొట్టి లోపలికి పోవాలి. ఆకులోది ఇంటివాళ్లు ప్రసాదంగా తినాలి. తరతరాలుగా అంతే.

మధ్యాహ్నం పుష్పావతి క్యారియర్ తెచ్చింది. జొన్నరొట్టె, పేగుల కూర, ఎర్రగా నూనె తేలుతూ. ఈరేష్‌కు పేగుల కూర అంటే మొదట్నుంచీ గిట్టదు, మూతి తిప్పుకున్నాడు. మైకు కిందనే ఆకు పరిచి వడ్డించి, దీపం పెట్టి, ముగ్గురూ బయటికి వచ్చి తలుపు మూశారు.

సిద్దేశ్‌కు ఒక అలవాటుంది. ఎవరైనా పాడటానికి ముందు ఖాళీ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తాడు. గదికుండే సన్నటి హోరును తర్వాత పాటలోంచి తీసెయ్యడానికి. తలుపు ఎటూ మూసి ఉంది, లోపల ఎవరూ లేరు, ఇంతకంటే మంచి నిశ్శబ్దం యాడ దొరుకుతుంది అనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా మైకు ఆన్ చేశాడు. ఎడె పెట్టింది గదికి కాదు, మనిషికి, మైకు కూడా చెవే అన్న సంగతి ఆ తలకాయలో మెదల్లేదు.

పుష్పావతి చప్పట్లు కొట్టింది. లోపలికి పోయారు. దీపం ఆరిపోయి ఉంది. ఆకులో అంతా పెట్టినట్టే ఉంది గానీ కాస్త తడిగా, మెరుస్తా కనిపించింది. నూనె అనుకున్నారు.

"ఆయప్ప బదులు పాడేది నువ్వు, ముందు నువ్వే తినాల ఈరేశన్నా," అంది పుష్పావతి, ముద్ద చేతిలో పెడతా.

కాదనలేకపోయాడు. కండ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాడు. పేగులు రబ్బరులా సాగుతాయని భయపడ్డాడు గానీ, నమిలే పనే పడలేదు. చంటిబిడ్డకు పిసికి పెట్టినట్టు మెత్తగా ఉంది. గోరువెచ్చగా, జిగటగా ఉంది. అడుగున ఎక్కడో తియ్యటి గుట్కా వాసన. ఛీ, ఏందిది అనుకుంటానే మింగేశాడు. ఎదురుగా ఆ ఆడమనిషి కండ్లనీళ్లు పెట్టుకుని చూస్తా ఉంటే ఎట్లా ఉమ్ముతాడు? ఆమె తృప్తిగా, మిగిలింది ఇంటికని ఆకుతోనే మడిచి, క్యారియర్ సర్దుకుని సత్యనారాయణపేటకు ఆటో ఎక్కింది. పాట పూర్తి కాగానే ఫోనుకు పంపమంది.

సిద్దేశ్ టీ తేవడానికి కిందికి దిగాడు. పోతా పోతా, ఇందాక తలుపు మూసినప్పుడు పట్టిన నిశ్శబ్దం ఎట్ల వచ్చిందో వినమన్నాడు. ఈరేష్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మొదట ఏమీ లేదు. గది హోరు మాత్రమే.

తర్వాత ఆకు కదిలిన చప్పుడు.

తర్వాత... నమలడం.

చెవిలో నోరు పెట్టి నములుతున్నట్టే ఉంది. చపచపమని. తడిగా. ఆబగా. పేగును పళ్ల మధ్య పెట్టి సాగదీసి తెంపిన చప్పుడు. చెంప పక్కనించి గాలీ, రసమూ కలిసి బుసబుసమని కారిన చప్పుడు. మింగబోయి, మింగలేక, గొంతులో గురగురమంది. ఆగింది.

థూ.

నమిలిన ముద్ద ఆకులో పడిన చప్పుడు. మళ్లీ ఇంకో ముద్ద... మళ్లీ నమలడం... మళ్లీ థూ.

ఈరేష్‌కు తను ఏం తిన్నాడో అప్పుడు తెలిసింది. ఎందుకంత మెత్తగా ఉందో, ఎందుకు వెచ్చగా ఉందో తెలిసింది. వేళ్లు నోట్లో పెట్టి కక్కుకోబోయాడు. వేళ్లు లోపలికి పోలేదు. పళ్ల మధ్య వేలు పట్టేంత సందు మాత్రమే ఉంది. దవడ బిగిసిపోయింది.

హెడ్‌ఫోన్లలో నమలడం ఆగింది. గొంతు వినపడింది, అది ఎవరిదో వాడికి చెప్పక్కర్లేదు.

"నాకు మింగుడు పడదు ఈరేశా..."

కాసేపు ఊపిరి.

"నువ్వు మింగు."

సిద్దేశ్ టీ గ్లాసులతో వచ్చేసరికి ఈరేష్ రెండు చేతులా దవడ పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. చెప్పబోతే మూలుగు తప్ప రాలేదు. కంప్యూటరు వైపు చూపించాడు. సిద్దేశ్ వినిచూశాడు. బాగుండాది, మంచి నిశ్శబ్దం, ఒక్క మరక లేదన్నాడు. స్నేహితుడు గుర్తొచ్చి ఏడుస్తున్నాడనుకుని వీపు నిమిరాడు.

ఈరేష్ ఆ మెట్లు దిగి పారిపోయి ఉంటే పోయేది. కాళ్లు మెట్ల దాకా పోయాయి కూడా. పళ్ల మధ్య సందును వేలితో తడిమి చూసుకున్నాడు. ఇందాకటి కంటే తగ్గింది. రేపటికి అది కూడా ఉంటుందో లేదో. పాడితే ఈ పొద్దే పాడాలి, లేకపోతే ఈ జన్మలో లేదు. ఇచ్చిన మాట గొంతు మీద కత్తిలా కూర్చుంది. వెనక్కి తిరిగి, లోపలి గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు.

చీకటి. పేగుల కూర కంపు. దాని కింద చీము కంపు, ఆ మంచం దగ్గరి కంపు. చెవుల్లో పాట మొదలైంది. డ్రమ్ములు, తన గిటారు, పరశురామ్ పాడిన చరణాలు. ఆఖరి చరణం వచ్చింది. ఈరేష్ ఉన్న సందులోంచే ఊపిరి బిగబట్టి తన గొంతును తోశాడు...

రాలేదు.

వేరే గొంతు వచ్చింది.

కింది నించి వచ్చింది, పొట్టలోంచి. పళ్లు విడలేదు, పెదవులు కదల్లేదు. నాలుక మాత్రం కదిలింది, తను కదపకుండానే. నోట్లో ఎవరో నాలుకను చప్పరిస్తా, పక్కకు నెడతా, చోటు చేసుకుంటా ఉన్నారు. జిగురు గడ్డం మీదికి కారింది. చరణం మొత్తం వచ్చింది. ఎక్కడా తప్పు లేదు, శ్రుతి పోలేదు. నిండు ఆరోగ్యంతో ఉన్నప్పుడు కూడా పరశురామ్ అంత బాగా పాడలేదు.

తలుపు తీసేసరికి సిద్దేశ్ ఏడుస్తా కౌగిలించుకున్నాడు. అచ్చం ఆయప్ప మాదిరే పాడినావంటాడు, ఇన్నేండ్లు ఈ గొంతు యాడ దాచినావంటాడు. ఆల్బం పూర్తయిందని పొంగిపోయాడు. ఈరేష్ గడ్డం తుడుచుకుంటా నిలబడ్డాడు. తనలో తానే అసహ్యంతో కుంచించుకుపోతా ఉన్నాడు. ఒంట్లోంచి బయటికి దూకేద్దామన్నంత అసహ్యం.

పాటను పుష్పావతికి పంపారు. కాసేపటికి ఫోను మోగింది. సిద్దేశ్ స్పీకరు పెట్టాడు.

"పాట నిండింది సిద్దేశన్నా. మా ఆయప్ప గొంతే, నా కడుపు చల్లబడింది," అంది. అని, గొంతు తగ్గించింది. "ఈరేశన్న యాడుండాడు?"

"ఈడనే, నా పక్కన్నే ఉండాడు."



"మల్ల పాట వెనకాల, తలుపు తీయండప్పా, ఊపిరాడటం లేదు అని ఏడస్తాండేది ఎవురన్నా? అది ఈరేశన్న గొంతే కదా?"

సిద్దేశ్ తిరిగి చూశాడు. నేనీడనే ఉండానని చెప్పాలని ఈరేష్ కండ్లతో, చేతులతో కొట్టుకుంటా ఉన్నాడు. నోరు తెరుచుకోలేదు. ఇందాక పాడినదే మళ్లీ గొంతులో కదిలింది. కిందికి పోలేదు... మెల్లగా పైకి ఎక్కుతా ఉంది.