సూరమ్మ చలి గది

మొగల్తూరు రోడ్డులో కాలవ మలుపు దాటగానే కుడిచేతి పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. పొద్దు వాలిందంటే అటువైపు ఎవరూ తల తిప్పరండి. ఆటోవాళ్ళయితే పాటలు ఆపేసి మరీ లాగించేస్తారు. "పాట ఆపడం ఎందుకయ్యా, గట్టిగా పెట్టుకోవచ్చు కదా" అని ఒకతన్ని అడిగాను. "పాట ఉంటే తలుపు చప్పుడు వినపడదండి టీచర్ గారూ... వినపడకపోతే ఇంకా భయమండి" అన్నాడు. ఇదేం లెక్కో నాకైతే అర్థం కాలేదు.

తలుపు చప్పుడంటే, సూరమ్మది.

రొయ్యల తలలు తీసే పనికి వచ్చేదట సూరమ్మ. ఓ రాత్రి ట్రేలు సర్దడానికి చలి గదిలోకి వెళ్ళింది. లోపల మనిషి ఉందో లేదో చూసుకోకుండా ఎవడో బయట గడియ వేసుకుని ఇంటికి పోయాడు. తెల్లారి తలుపు తీస్తే... సరే, అది నేను చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. గది మాత్రం ఊరుకోలేదంటారు. కరెంటు లేకపోయినా లోపల్నుంచి చల్లగాలి తగులుతుందట. ఎవరో అరచేత్తో తలుపు కొడతారట — దబ్... దబ్... కాసేపు ఆగి, మళ్ళీ దబ్.

నేను దెయ్యాల్ని నమ్మను. ప్రిస్కిల్లా టీచర్ దెయ్యాన్ని నమ్మడమేంటి, దెయ్యమే నన్ను చూసి దణ్ణం పెట్టాలని మా స్కూల్లో పిల్లలు అనుకుంటారు. నమ్మను గానీ, రాత్రిపూట నేనూ ఆ దారిన వెళ్ళను. దీంతో మీకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి. ఈ కథలో అంతకంటే సిగ్గుపడాల్సింది చాలా ఉంది.

మా స్కూల్లోనే సోషల్ చెబుతాడు శాంతికుమార్. వాళ్ళావిడ రూబీ భీమవరంలో ఆస్పత్రి నర్సు. మా పక్క వాటాలోనే ఉంటారు, ఇద్దరూ నన్ను అక్కా అంటారు. రూబీకి ఒక్కటే కోరిక, మంచు చూడాలి. సినిమాలో చూసే మంచు కాదు, కాలు పెడితే దిగబడే మంచు. ఆ అమ్మాయికి చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు. చల్లగాలి తగిలితే ఛాతీ పట్టేసి, ఊపిరి ఈల వేస్తుంది. అలాంటి మనిషికి మంచు మీద మోజేంటో!

మోజు ఆవిడది, ప్లాను మాత్రం శాంతికుమార్ది. వేసవి సెలవుల్లో లడాఖ్. రైలూ కాదు, విమానమూ కాదు, భీమవరం నుంచి లేహ్ దాకా కారులోనే. కారు వెంకటరాజు గారిది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, చేతిలో డబ్బుంది, భార్య రామతులసికి తిరగడమంటే ప్రాణం. ఇంకేం, నలుగురూ కుదిరారు. ఇక మా వాటాల మధ్య అరుగు మీద రోజూ అదే గోల. మనాలిలో ఎన్నాళ్ళు ఆగాలి, జిస్పాలో పడుకోవాలా, సర్చూలో పడుకుంటే తలపోటు వస్తుందా, పెట్రోలు డబ్బాలు ఎన్ని, ఏ కనుమ దగ్గర మంచు తీశారు. అంత ఎత్తులో పప్పు ఉడకదటండి. దాని మీదే ఒక సాయంత్రమంతా నడిచింది. చివరికి రామతులసి వాళ్ళ కుక్కరు సీటు కింద పెట్టడానికి అందరూ ఒప్పుకున్నారు.

రూబీ ఇవేవీ పట్టించుకునేది కాదు. ఒకరోజు మాత్రం అడిగింది. "పైన నాకు ఊపిరాడకపోతే ఏం చేస్తారండీ?"

"మెల్లమెల్లగా ఎక్కుతాం రూబీ. డాక్టరు గారు చెప్పారుగా. ఇన్‌హేలర్ ఉంటుంది, ఆక్సిజన్ డబ్బాలు ఉంటాయి... అన్నిటికీ మించి నేనుంటానుగా" అన్నాడు శాంతికుమార్.

ఆ మాటకి రూబీ మొహం వెలిగిపోయింది. నేను చూశాను కాబట్టే చెబుతున్నాను.

అంతవరకూ బానే ఉంది. అసలు తెలివితక్కువ పని ఆ తర్వాత మొదలైంది. మన గోదావరి జిల్లాలవాళ్ళకి చలంటే ఏం తెలుసండీ? డిసెంబరులో కాస్త మంచు పడితే చాలు, మంకీ క్యాపు పెట్టుకుని వేడినీళ్ళు కాచుకుంటాం. కొన్న కోట్లు, నిద్ర సంచులు మైనస్ చలికి ఆగుతాయో లేదో ఎలా తెలియాలి? శాంతికుమార్‌కి ఉపాయం తట్టింది. రాజుగారు ఆ మధ్యే, రొయ్యలు దాచుకోవడానికి, మూతపడ్డ ఆ ఐసు ఫ్యాక్టరీని లీజుకి తీసుకుని చలి గది బాగు చేయించారు. అందులో ఓ గంట కూర్చుని చూద్దామన్నాడు.

"సూరమ్మ గదిలోనా?" అన్నాను నేను.

"అక్కా, సోషల్ మాస్టార్ని నేను. నాకు చెబుతున్నారా దెయ్యం కథలు!" అని నవ్వాడు.

పగలు ఆ గదిలోకి సరుకు వస్తూ పోతూ ఉంటుంది, తలుపు తీసే ఉంటుంది. చీకటి పడ్డాక పనివాళ్ళు ఒక్కరూ ఉండరు, ఎందుకో మీకు తెలుసు. అందుకని రాత్రి వెళ్ళారు. రామతులసి రానంది. "ఆ చలేదో అక్కడికెళ్ళాకే చూస్తాను" అందట. ఈ మొత్తం కథలో బుద్ధి ఉన్న మాట అదొక్కటే.

ఇక్కణ్ణుంచి నేను చెప్పేది విన్నమాట. రాజుగారు కొంత చెప్పారు, శాంతికుమార్ కొంత చెప్పాడు.

రాజుగారు తలుపు తీసి చూపించారట. జానెడు మందం తలుపు. దాని వెనక, చల్లదనం బయటికి పోకుండా, పైనుంచి కిందదాకా వేలాడే ప్లాస్టిక్ పట్టీల తెర. "లోపల్నుంచి తీసే మీట పాడైందండి మాస్టారూ, రేపో మాపో వేయిస్తాను. నేను బయటే ఉంటాను, భయం లేదు" అన్నారు. తలుపు కింద రబ్బరు కూడా ఎలకలు కొరికేసి, వేలెడు సందు ఉంది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ కోట్లు తొడుక్కుని లోపలికెళ్ళారు. రూబీ చేతిసంచీ, అందులో ఇన్‌హేలర్, కారులోనే ఉండిపోయాయి.

రొయ్యల పెట్టెల మీద కూర్చున్నారు. నోట్లోంచి పొగలొస్తుంటే రూబీ చిన్నపిల్లలా ఊదుకుంటూ నవ్విందట. గోడ మీద పేరుకున్న మంచుని గోరుతో గీసి "ఏవండీ, ఇదిగో మన లడాఖ్" అందట.

అప్పుడు పోయింది కరెంటు.

గుడ్డి చీకటి. బయట్నుంచి రాజుగారి గొంతు — "జనరేటర్లో డీజిల్ లేదండీ మాస్టారూ! తలుపు తీశాను, బయటికొచ్చేయండి, నేను బంకు దాకా వెళ్ళొచ్చేస్తా." కారు స్టార్టయిన చప్పుడు. దూరమైపోయింది.

శాంతికుమార్ లేచాడు. చేతులు చాపుకుంటూ తలుపు వైపు నడిచాడు. ఒక అడుగు... ఇంకో అడుగు...

మెడ మీద ఎవరో చెయ్యి వేశారు.

చల్లటి చెయ్యి. తడి చెయ్యి. ఒకటి కాదు... మొహం మీద, చెవుల మీద, భుజాల మీద — వేళ్ళు.

అరిచాడో లేదో తెలీదు. ఒక్క దూకున బయట పడ్డాడు. పడ్డవాడు ఊరుకున్నాడా... వెనక్కి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి తలుపు లాగి గడియ దించేశాడు.

ఆ చేతులు ప్లాస్టిక్ పట్టీలని మనకి తెలుసు. అప్పుడు ఆయనకి తెలీదు.

కాలవలో నీళ్ళ చప్పుడు, కప్పల చప్పుడు, అంతే.

అప్పుడు లోపల్నుంచి...

దబ్.

ఆగింది.

దబ్... దబ్...

కింద సందులోంచి చల్లగాలి శాంతికుమార్ పాదాలకి తగులుతోంది. గాలితో పాటు ఒక గొంతు. ఆడగొంతే. కానీ అదేం గొంతండీ... కీచుగా, ఈలలా, మధ్యమధ్యలో తెగిపోతూ — "తీ...యండి... తలుపు... తీయండి..."

"యేసు రక్తమే జయం" అని మొదలుపెట్టాడు. ఇంకా గట్టిగా అన్నాడు. "సాతానా, వెనక్కి పో! యేసు నామంలో వెనక్కి పో!"

లోపల కొడుతూనే ఉంది. ఈయన అంటూనే ఉన్నాడు. ఈయన గొంతు పెరిగేకొద్దీ ఆ గొంతు సన్నగిల్లిపోయింది. చివరికి కొట్టడం కూడా ఆగిపోయింది. గోకుతున్నట్టు చిన్న చప్పుడు మిగిలింది, తర్వాత అదీ లేదు.

రాజుగారు డీజిల్ డబ్బాతో వచ్చి కారు లైటు వేసేసరికి శాంతికుమార్ తలుపుకి వీపు ఆనించి నిలబడున్నాడట, కళ్ళు గట్టిగా మూసుకుని.

"మాస్టారూ... చెల్లెమ్మేదండీ?"

రాజుగారు ఆయన్ని పక్కకి తోసి తలుపు లాగారు. గుమ్మంలో రూబీ పడి ఉంది. పెదాలు నల్లబడిపోయాయి. ఛాతీలోంచి ఈల వస్తోంది... ఆ కీచు గొంతు ఎవరిదో అప్పుడు తెలిసింది. కారులోంచి ఇన్‌హేలర్ తెచ్చి పీల్పించి, లడాఖ్ కోసం కొని డిక్కీలో పెట్టిన ఆక్సిజన్ డబ్బా మూతికి పెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు గారే అన్నారు.

సంగతి దాగుతుందా? వారం తిరిగేలోపు ఊరంతా తెలిసిపోయింది. స్టాఫ్ రూములో శాంతికుమార్ అడుగు పెడితే ఎవడో ఒకడు బల్ల మీద దబ్ దబ్ మని కొట్టేవాడు. శాంతికుమార్ కూడా నవ్వేవాడు, తల ఎత్తకుండా. పాస్టరు గారు ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమని లేపితే, లేచి "దేవునికి స్తోత్రం" అని కూర్చుండిపోయాడు. ఆ మొహం చూస్తే జాలేసింది. పాపం భయస్తుడు, అందులో తప్పేముంది, చీకట్లో ఎవరికైనా గుండె జారుతుంది కదా అనుకున్నాను. పెళ్ళాం గొంతు గుర్తుపట్టలేకపోయాడంటే అది ఆ పిల్లికూతల వల్లేనని, అడిగినవాళ్ళందరికీ నేనే సర్దిచెప్పాను.

రూబీ మాత్రం ఆయనతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, ఉతికిన బట్టలు మడత పెడుతుంది, మాట మాత్రం ఉండదు. ప్రయాణం దగ్గరపడింది. తనకి బీపీ ఉందని, రాలేనని శాంతికుమార్ చెప్పాడు. రూబీ వెళుతోంది, రాజుగారితో, రామతులసితో. డాక్టరు వద్దన్నా వినలేదు. మనాలి దాకా వెళ్ళి మంచు తాకి వచ్చేస్తానంది.

వెళ్ళేముందు రోజు సాయంత్రం నిమ్మకాయ ఊరగాయ సీసా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఘాట్ రోడ్డులో వికారం పుడితే నాలిక్కి రాసుకుంటుందని. శాంతికుమార్ బయట రాజుగారి కారు మీద సామాను తాళ్ళతో బిగిస్తున్నాడు. అడక్కుండానే, ఎవరి మొహమూ చూడకుండా. నాకు ఉండబట్టలేదు. రూబీని కూర్చోబెట్టి చీవాట్లు మొదలుపెట్టాను.

"ఎన్నాళ్ళే ఈ పంతం? దెయ్యమనుకున్నాడు, జడుసుకున్నాడు. మగాడికి భయం ఉండకూడదా? సిగ్గుతో చచ్చిపోతున్నాడు కనపట్లేదూ? నువ్వు కాస్త పెద్దమనసు చేసుకోవాలి."

రూబీ మడత పెడుతున్న స్వెట్టర్ని ఒళ్ళో పెట్టుకుంది.

"దెయ్యమనుకుని తియ్యకపోతే అందరికంటే ముందు నేనే నవ్వేదాన్నక్కా" అంది.

"మరి?"

"లోపల నాకు ఊపిరి అందట్లేదు. తలుపు కింద సందు దగ్గర బోర్లా పడుకుని ఆ గాలి పీలుస్తున్నాను. ఆయన ప్రార్థన ఆపారు. కిందకి వంగారు. ఆయన మొహం నా మొహానికి అంత దగ్గర, మధ్యలో ఆ తలుపే..."

కిటికీలోంచి కారు వైపు చూసింది. శాంతికుమార్ ముడి విప్పి మళ్ళీ వేస్తున్నాడు. నేను ఇంతకుముందు అన్న మాటలకి నాకే తల కొట్టేసినట్టయింది, ఇంకా తను చెప్పకముందే.

"ఏమన్నాడే?" అన్నాను.

రూబీ ఆయన గొంతుతోనే, అంత మెల్లగానూ చెప్పింది.

"'రూబీ... నువ్వేనని తెలుసు. నీతోపాటు ఇంకెవరో కొడుతున్నారు. రాజుగారు వచ్చాక తీస్తాను.'"