మరపు బడి

నూకరాజు ముడి మళ్ళీ తప్పు వేశాడు. కావాలనే వేశాననుకున్నాడు. గాజుపెట్టెలో పెట్టిన అతని చేతుల మీద నీలం వెలుగు అటూ ఇటూ పాకింది. ఎదురుగా కూర్చున్న అధికారిణి ముఖంలో మాత్రం ఏమీ కదల్లేదు. ఆ పెట్టెను ప్రభుత్వం ‘హస్తస్మృతి దర్శిని’ అంటుంది. వలసపేటలో దాన్ని చేతి అద్దం అంటారు. ఇంకా ఘాటైన పేర్లు కూడా ఉన్నాయి, అవి ఇక్కడ రాయడం బాగుండదు.

మనిషి అబద్ధమాడినా చేతులు ఆడవన్నది ఆ యంత్రం చేసినవాళ్ళ నమ్మకం. ఒక పనిలో తిరిగిన చెయ్యి ఆ పని గుర్తును కండరాల్లో దాచుకుంటుంది, దర్శిని దాన్ని చదివేస్తుంది. ఈ ఉత్తర దేశంలో ప్రభుత్వ ఖర్చుతో ఇచ్చే వృత్తి శిక్షణ, దానితోపాటు దొరికే అభ్యాస వీసా, చేతికి ఏ పనీ రానివాళ్ళకే. పని వచ్చినవాడు తన ఫీజు తాను కట్టుకోవాలి, లేదంటే వెనక్కి పోవాలి. పోవడానికి తన ఊరు ఉప్పాడ ఎక్కడుంది? సముద్రం దాన్ని ఎప్పుడో మింగేసింది. నూకరాజు జాందానీ నేతగాడు. ఆ పనికి ఈ దేశంలో ఉద్యోగం లేదు, అది చేతికి వచ్చినందుకు శిక్ష మాత్రం ఉంది.

“మీరు మునుపు దారంతో పనిచేశారా?” అని అడిగింది అధికారిణి. ఆమె మాటను తెలుగు చేసే అనువాద గొంతు వార్తలు చదువుతున్నట్టు ఉంది.

“బొత్తాం ఊడితే కుట్టుకోడానికి పట్టుకున్నానండి. అదీ మా ఆవిడే కుడతాదండి.”

ఈ తప్పుముడులు అతను వలసపేటలోనే నేర్చుకున్నాడు. అక్కడ సాయంత్రాలు సూరిబాబు గారింట్లో మరపు బడి నడుస్తుంది. ఆయన ఒకప్పుడు కంసాలి. వడ్రంగులు, దర్జీలు, నేతగాళ్ళు గోడవారగా కూర్చుని వచ్చిన పనిని తప్పుగా చేస్తుంటారు. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది, చేసేవాళ్ళకు కొన్నాళ్ళకు నవ్వు రావడం మానేస్తుంది.

“నటిస్తే అద్దం పట్టేస్తాది నూకరాజు గారూ,” అనేవారాయన. “తప్పే ముందు రావాలి. ఒప్పు గుర్తుకే రాకూడదు. అప్పటిదాకా చెయ్యండి.”

“మరి వీసా వచ్చాక చెయ్యి దానంతటదే తిరుగుతాదాండీ?” అని ఒకసారి అడిగాడు నూకరాజు. సూరిబాబు గారు వినబడనట్టు లోపలికి చూసి టీ పెట్టమన్నారు.

పెట్టెలో వెలుగు ఆకుపచ్చగా మారింది.

“పూర్వ నైపుణ్యం కనబడలేదు. మీరు అర్హులు,” అంది గొంతు. “ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో గొట్టాలు అతికే శిక్షణ. శిక్షణ కాలమంతా ఏటా పరీక్ష ఉంటుంది. దాచిన నైపుణ్యం బయటపడితే వీసా రద్దు.”

నూకరాజు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. సంతోషం వస్తుందేమోనని చూశాడు. నిద్ర ముంచుకొచ్చింది.

ఇంటి దగ్గర సంగతి చెప్పగానే లోవకుమారి ఏడ్చేసింది. భార్యకు ‘తోడు వీసా’ చాలు, అద్దంలో చేతులు పెట్టే పని లేదు. కళ్ళు తుడుచుకుని అతన్ని వెనకగదిలోకి లాక్కుపోయింది. అక్కడ చిన్న మగ్గం, పడుగు పోగులు ఎక్కించి సిద్ధంగా ఉంది.

“పొద్దున నువ్వెళ్ళగానే బిగించేశాను. ఎన్నాళ్ళైందో మావా! రా, ఒక్క పువ్వేద్దాం.”

జాందానీ ఒక్కరు నేసేది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, చెరో సగంలో పువ్వుదారాన్ని వేళ్ళతో దూర్చి, ఒకే క్షణాన ముగించాలి. అప్పుడే వరస బిగుస్తుంది. వీళ్ళ పెద్దలు పెళ్ళిచూపుల్లో జాతకాలు అడగలేదు, ఇద్దర్నీ ఒక మగ్గం మీద కూర్చోబెట్టి చేతులు కలుస్తున్నాయా లేదా అని చూశారు.

లోవకుమారి తన సగం ముగించింది. నూకరాజు వేలు తప్పు పోగు కింద దూరింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తప్పే ముందొచ్చింది.

“చాల్లే నటన! ఇక్కడ అద్దం లేదు,” అని నవ్వింది.

“నటించట్లేదే.”

ఆమె నవ్వు ఆగిపోయింది. అతని వేలు పట్టుకుని సరైన పోగు మీద పెట్టింది. వదిలేయగానే అది పక్కకు జారింది. నూకరాజుకు భయమేసింది, పరీక్ష గదిలో కూడా వెయ్యని భయం.

“పర్లేదు మావా. నేను నేర్పుతాను, మొదట్నించి.”

“ఒద్దే లోవా,” అన్నాడు. “ఏటేటా చూస్తారంట.”

ఆమె తను నేసిన సగం పువ్వును పోగు పోగుగా విప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడని ఆ వేళ్ళను చూసి నూకరాజు మొదటిసారి భార్య మీద అసూయపడ్డాడు, వెంటనే సిగ్గుపడ్డాడు. పెళ్ళైన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా మగ్గం మీద ఆమె అతని కోసం ఆగాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.